ఎముకకూ ఒక గడువుంది

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారి చాలా దూరం అడవి అంచునే సాగుతుంది. పోలీసు నోటిఫికేషన్ పడిన ఏడాది ఈ దారి పొడవునా తెల్లవారకముందే పరుగు తీసే యువతీ యువకులు కనిపిస్తారు. ఖమ్మంలో వారికి సర్దార్ పటేల్ స్టేడియం ఉంది, కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం ఉంది. దుమ్ముగూడెం, చర్ల వైపు ఊళ్ళలో బడి మైదానమే గ్రౌండ్. అదీ లేని చోట తారు రోడ్డే ట్రాక్. కోయ, లంబాడా కుటుంబాల నుంచి, కూలీనాలీ చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చిన ఈ పిల్లల్లో చాలామందికి సర్కారు కొలువు ఇంటిల్లిపాదికీ ఆసరా. అందుకే పాదంలో నొప్పి మొదలైనప్పుడు వారికి ఎదురయ్యే ప్రశ్న చాలా బరువైనది. ఇప్పుడు ఆగితే దేహదారుఢ్య పరీక్షల ఈవెంట్స్‌లో తప్పుతామా? ఆగకపోతే కాలే చెడిపోతుందా?

చుట్టూ ఉన్నవారు రెండు రకాల సలహాలిస్తారు. గ్రౌండ్‌లోని సీనియర్లు ఓర్చుకొమ్మంటారు, పరుగెత్తుతూ ఉంటే నొప్పి దానంతటదే పోతుందంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు నెల రోజులు కాలు కింద పెట్టొద్దంటారు. రెండూ అనుభవం నుంచి వచ్చిన మాటలే. అయితే మొదటి మాట కండరానికి సరిపోతుంది, ఎముకకు సరిపోదు. రెండో మాట కొన్ని ఎముకలకు సరిపోతుంది, కండరానికీ స్నాయువుకూ నష్టం చేస్తుంది. కాబట్టి ఈ నిర్ణయానికి గుండె ధైర్యం కొలమానం కాదు. నొప్పి ఏ కణజాలంలో పుట్టింది, ఇరవై నాలుగు గంటల్లో అది ఎలా మారింది అన్న రెండు విషయాలను బట్టే తేల్చుకోవాలి.

పాదం మీద పడే భారం

2022 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ పోలీసు నియామక ప్రకటన ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. అంతకుముందు 2018 నియామకాల్లో పురుషుల పెద్ద పరుగు 800 మీటర్లు, మహిళల పరుగు 100 మీటర్లు. అంటే దూరం పురుషులకు రెట్టింపు, మహిళలకు ఎనిమిది రెట్లు అయింది. అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ కొలువు కోరుకునే పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు అదే సమయంలో 16 కిలోమీటర్లు నడవాలి.

మనిషి పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు, వాటిని కలిపి ఉంచే వందకు పైగా కండరాలు, స్నాయువులు ఉన్నాయి. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలం దానిపై పడుతుంది. నిమిషానికి 170 అడుగుల చొప్పున ఏడుంపావు నిమిషాలు పరుగెత్తితే ఒక్కో పాదం సుమారు ఆరు వందల సార్లు ఆ దెబ్బను మోస్తుంది. ఇది పరీక్ష రోజు లెక్క. రోజూ ఉదయం అరగంట సాధనలో ఈ సంఖ్య రెండు వేలు దాటుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాదం ఈ భారాన్ని మోయగలదు, మోసేకొద్దీ గట్టిపడుతుంది కూడా. అయితే గట్టిపడటానికి దానికి వ్యవధి కావాలి.

ఎముక తనను తాను కట్టుకునే తీరు

ఎముకను చాలామంది రాయిలా మారని వస్తువనుకుంటారు. నిజానికి అది నిత్యం కూలుతూ, తిరిగి కట్టుకుంటూ ఉండే సజీవ కణజాలం. మోయవలసిన బరువును బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే సిద్ధాంతీకరించాడు. ఆ మార్పు ఏ క్రమంలో జరుగుతుందో తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కొత్త శ్రమ మొదలైతే ముందుగా ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు అలసిన ఎముకను తొలిచివేస్తాయి. ఈ పనికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఆస్టియోబ్లాస్ట్ అనే కణాలు వచ్చి ఆ ఖాళీని కొత్త ఎముకతో నింపుతాయి. దీనికి దాదాపు మూడు నెలలు కావాలి.

గుంతల రోడ్డును బాగుచేసేటప్పుడు ముందు పాత తారును తవ్వేస్తారు, తర్వాతే కంకర పరిచి కొత్త తారు పోస్తారు. తవ్వినచోట పని పూర్తికాకముందే బొగ్గు లారీలను వదిలితే రోడ్డు మునుపటికన్నా అధ్వాన్నమవుతుంది. పరుగు మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో పాదం ఎముకలు అచ్చం ఈ దశలోనే ఉంటాయి. ఊపిరి, గుండె, కండరం కొద్ది వారాల్లోనే మెరుగుపడతాయి కనుక అభ్యర్థికి తన సత్తా పెరిగినట్టు అనిపించి వేగం, దూరం రెండూ పెంచుతాడు. ఎముక మాత్రం అప్పటికి తొలిచే దశలోనే ఉండి, తాత్కాలికంగా బలహీనంగా ఉంటుంది.

ఈ సంగతి సైన్యాలకు చాలాకాలంగా తెలుసు. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు సుదీర్ఘ కవాతుల తర్వాత సైనికుల పాదాలు వాచి నొప్పిచేయడాన్ని నమోదు చేశాడు. ఆ వాపు వెనుక ఉన్నది ఎముక పగులేనని ఎక్స్-రేలు వచ్చాక, 1897లో రుజువైంది. నేటికీ దాన్ని మార్చ్ ఫ్రాక్చర్ అంటారు. మన గ్రౌండ్లలో హెయిర్‌లైన్ ఫ్రాక్చర్ అనే మాట వినిపిస్తుంది, వైద్యులు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఇది ఒక్క దెబ్బతో వచ్చేది కాదు. కోలుకునే వ్యవధి ఇవ్వకుండా వేలసార్లు పడిన చిన్న దెబ్బల కూడిక అది.

2022-23 నియామకాల తేదీలను ఈ లెక్క పక్కన పెట్టి చూద్దాం. కానిస్టేబుల్ ప్రాథమిక రాతపరీక్ష ఆగస్టు 28న జరిగింది. ఫలితాలు అక్టోబర్ మూడో వారంలో వచ్చాయి. దేహదారుఢ్య పరీక్షలు డిసెంబర్ 8న మొదలయ్యాయి. రాతపరీక్ష గట్టెక్కాకే పరుగు మొదలుపెడదామనుకున్న అభ్యర్థికి దొరికినవి సుమారు ఏడు వారాలు. నెలల తరబడి కోచింగ్ హాల్లో కూర్చుని చదివిన కాళ్ళు ఆ ఏడు వారాల్లో ఒక్కసారిగా పూర్తి భారానికి గురవుతాయి. ఎముక అతి బలహీనంగా ఉండే కాలమూ సరిగ్గా అదే.

ఏ నొప్పి ఎక్కడిది

కండరాల నొప్పి సాధారణంగా రెండు కాళ్ళలోనూ ఉంటుంది. ఎక్కడని వేలు పెట్టి చూపలేం. పిక్కలోనో అరికాలిలోనో పరచుకుని ఉంటుంది. శ్రమ చేసిన ఒకటి నుంచి మూడు రోజుల మధ్య హెచ్చి, ఆపై తగ్గిపోతుంది. దీనికి పరుగు మానవలసిన పని లేదు. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా పరుగెత్తినా, నడిచినా చాలు.

మడమ కింద, లోపలి వైపు నొప్పి, అదీ పొద్దున మంచం దిగి వేసే తొలి అడుగుల్లో సూదులు గుచ్చినట్టుండి, పది నిమిషాలు నడిచాక సడలితే, అది ఎక్కువగా అరికాలి కమానును పట్టి ఉంచే ప్లాంటార్ ఫేషియా అనే పట్టీ నొప్పి. మడమ వెనుక, మడమ నరమని అందరూ పిలిచే ఎకిలీస్ టెండన్ నొప్పి కూడా ఉదయం బిగుసుకుపోయి కదలికతో సడలుతుంది. ఈ రెండింటికీ పూర్తి విశ్రాంతి మందు కాదు. భారం తగ్గితే నొప్పి తగ్గుతుంది, కానీ ఏ భారమూ లేకపోతే ఈ కణజాలాలు ఇంకా బలహీనపడతాయి. పరుగును తగ్గించి, మెట్టు అంచున మునివేళ్ళపై నిలబడి మడమను నెమ్మదిగా పైకి లేపి, కిందికి దించే వ్యాయామాన్ని వారాల తరబడి చేయడమే వీటికి తగిన దారి.

ఎముక నొప్పి తీరు వేరు. దాన్ని ఒక్క వేలితో చూపించవచ్చు. ఎక్కువసార్లు అది పాదం పైభాగంలో, రెండో మూడో వేళ్ళ వెనుక ఉండే మెటాటార్సల్ ఎముకల మీద వస్తుంది. మొదటి వారం పరుగు చివర్లో కనిపిస్తుంది, తర్వాత పరుగు సగంలోనే, ఆ తర్వాత మొదటి రౌండులోనే. ఒళ్ళు వేడెక్కినా తగ్గదు. ఆ చోట వాపు కనిపించవచ్చు. ఒంటికాలిపై గెంతితే జివ్వుమంటుంది. ముదిరితే నడకలోనూ, రాత్రి పడుకున్నప్పుడూ బాధిస్తుంది. ఈ లక్షణాలుంటే ఆ రోజే పరుగు ఆపాలి. ఓర్చుకుని పరుగెత్తిన ప్రతి రోజూ సన్నని చీలికను పూర్తి పగులు వైపు నెడుతుంది.

ఎముకల్లోనూ కొన్ని చోట్లు మరీ ప్రమాదకరమైనవి. చీలమండకు కాస్త ముందు, పాదం నడిమిలో పైకి తగిలే నావిక్యులర్ ఎముక, చిటికెన వేలి వెనుక పాదం బయటి అంచున ఉబ్బెత్తుగా తగిలే ఐదో మెటాటార్సల్ మొదటి భాగం, బొటనవేలి కింద ఉండే సెసమాయిడ్ ఎముకలు. వీటిలో కొన్నిచోట్ల రక్తప్రసరణ తక్కువ కనుక పగులు అతుక్కోవడం కష్టం. నావిక్యులర్ పగులుకు వారాల తరబడి కాలిపై బరువు మోపకుండా ఉండవలసి వస్తుంది, ఒక్కోసారి శస్త్రచికిత్సా అవసరమవుతుంది. ఈ మూడు చోట్లలో ఎక్కడ నొక్కినా నొప్పి ఉంటే ఎముకల డాక్టరు చూసేదాకా పరుగు ఊసే ఎత్తకూడదు.

మర్నాడు ఉదయం తేలే విషయం

కండరం, పట్టీ, టెండన్ నొప్పుల విషయంలో పరుగు ఎంతవరకు క్షేమమో చెప్పే ఒక సులువైన కొలత ఉంది. స్వీడన్‌కు చెందిన రోలండ్ తొమే 1997లో మోకాలి నొప్పికి ప్రతిపాదించిన పద్ధతిని కారిన్ సిల్బర్‌నాగెల్ బృందం ఎకిలీస్ నొప్పి ఉన్న 38 మంది మీద పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. నొప్పిని సున్నా నుంచి పది వరకు రోగే లెక్కగట్టుకుని, ఐదు దాటకుండా చూసుకుంటూ పరుగు, గెంతులు కొనసాగించినవారు, పూర్తిగా ఆపినవారికంటే ఏమీ వెనకబడలేదు. అయితే ఒక షరతు ఉంది: నొప్పి మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి దిగాలి, వారం వారం పెరగకూడదు.

అభ్యర్థి తనను తాను మూడుసార్లు ప్రశ్నించుకోవాలి. పరుగెత్తుతున్నప్పుడు నొప్పి ఎంత? సాయంత్రం ఎంత? మర్నాడు లేవగానే ఎంత? జాగ్రత్త కోసం ఆ ఐదుకన్నా తక్కువే పెట్టుకుందాం: మొదటిసారి రెండు మూడులోపు ఉండి, మర్నాటికి తగ్గితే సాధన కొనసాగించవచ్చు. మర్నాడు నిన్నటికన్నా ఎక్కువైతే దూరం తగ్గించాలి, ఒక రోజు విడిచి ఒక రోజు పరుగెత్తాలి. పరుగులో కుంటు వస్తే అంకె ఎంతైనా ఆపేయాలి. కుంటుతూ పరుగెత్తితే భారం రెండో కాలి మీదికి, మోకాలి మీదికి మళ్ళుతుంది. ఈ కొలత ఎముక నొప్పికి వర్తించదు. ఒక్క వేలితో చూపగలిగే ఎముక నొప్పి పదిలో రెండే ఉన్నా అది ఆగమని చెబుతున్నట్టే.

మాత్ర, ఇంజెక్షన్, ఎక్స్-రే

డైక్లోఫెనాక్ మాత్ర వేసుకునో, ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ చేయించుకునో గ్రౌండుకు వెళ్ళే అలవాటు ఆపదను తెచ్చిపెడుతుంది. మాత్ర నొప్పిని కప్పుతుంది, పగులును అతికించదు. పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ సరైన జవాబు దొరకకుండా చేస్తుంది. చెమట పట్టి నీరు తగ్గిన ఒంట్లో ఇలాంటి మందులు మూత్రపిండాలకూ హాని చేయగలవు.

ఎక్స్-రే తీయిస్తే బాగానే ఉందన్నారని ధైర్యంగా మళ్ళీ పరుగెత్తడం మరో పొరపాటు. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్-రేలో చాలాసార్లు కనిపించదు. మానుతున్న ఎముక చుట్టూ కొత్త పొర పెరిగాకే జాడ తెలుస్తుంది. తొలి రోజుల్లో పట్టగలిగేది ఎమ్మారై. అడవి పల్లెల నుంచి ఖమ్మం వంటి పట్టణం దాకా వచ్చి ఎమ్మారై తీయించుకునే స్తోమత అందరికీ ఉండదు. స్తోమత లేనివారు లక్షణాలనే నమ్మాలి: ఎముక నొప్పి గుర్తులుంటే ఎక్స్-రే బాగున్నా పగులు ఉన్నట్టే భావించి ఆగడం, రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ ఎక్స్-రే తీయించడం. పాదం బెణికి లేదా దెబ్బ తగిలి నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. పసరు కట్టుతో విరిగిన ఎముకను గట్టిగా బిగించడం రక్తప్రసరణకే అడ్డు కావచ్చు.

విశ్రాంతి అంటే మంచం కాదు

ఆగితే ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుందన్న భయం అభ్యర్థులను నొప్పితో పరుగెత్తిస్తుంది. ఆ భయానికి కొలత ఉంది. అమెరికా పరిశోధకుడు ఎడ్వర్డ్ కోయిల్ 1984లో సాధన పూర్తిగా మానేసిన క్రీడాకారులను పరిశీలిస్తే, ఆక్సిజన్ వాడుకునే శక్తి మూడు వారాల్లో సుమారు 7 శాతం తగ్గింది. ఏమీ చేయకుండా ఉంటేనే అంత. సైకిలు తొక్కగలిగితే, చేతులకూ నడుముకూ వ్యాయామం చేస్తే ఈ నష్టం ఇంకా తగ్గుతుంది. రెండు వారాలు ఆగడం ఉద్యోగాన్ని పోగొట్టదు. రెండు వారాలు ఆగకపోతే మూడు నెలలు ఆగవలసి రావచ్చు.

మెటాటార్సల్ పగులు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. తిరిగి మొదలుపెట్టే క్రమమూ ముఖ్యమే. ముందు అరగంట నడకలో నొప్పి ఉండకూడదు. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, రోజు విడిచి రోజు. పరుగు పాలు నెమ్మదిగా పెంచాలి. 2025లో డెన్మార్క్ పరిశోధకులు ఐదు వేలమందికి పైగా పరుగరుల వివరాలు పరిశీలించి, గడచిన నెలలో పరుగెత్తిన అతి పెద్ద దూరాన్ని ఒకే రోజు పది శాతానికి మించి దాటితే గాయం ముప్పు పెరుగుతుందని చూపారు. వారం మొత్తం లెక్క కన్నా ఒక్క రోజు తొందరే ఎక్కువ చేటు. ఆదివారం పూట పట్టుదలగా పదిహేను రౌండ్లు కొట్టే అలవాటును కోచ్‌లు మాన్పించాలి.

ఎముక కణాల స్వభావం మరో మేలైన దారి చూపిస్తుంది. ఇండియానా విశ్వవిద్యాలయంలో రాబ్లింగ్, టర్నర్‌లు ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో, కొన్ని పదుల దెబ్బల తర్వాత ఎముక కణాలు స్పందించడం తగ్గిస్తాయని, సుమారు ఎనిమిది గంటల విరామం తర్వాత మళ్ళీ పూర్తిగా స్పందిస్తాయని తేలింది. దీన్నిబట్టి ఎముక గట్టిపడటానికి ఉదయం ఒక్కసారే గంటన్నర పరుగెత్తడం కన్నా, అదే శ్రమను ఉదయం కొంత, సాయంత్రం కొంత పంచుకోవడం మేలనిపిస్తుంది.

ఎముకకు కావలసిన తిండి, ఎండ, నిద్ర

కొత్త ఎముక గాలిలోంచి పుట్టదు. అమెరికా నౌకాదళంలో ఐదు వేలమందికి పైగా మహిళా శిక్షణార్థులపై జోన్ లాపే బృందం జరిపి 2008లో ప్రకటించిన అధ్యయనంలో, కాల్షియం, విటమిన్ డి అదనంగా తీసుకున్నవారిలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు 20 శాతం తగ్గాయి. మన ప్రాంతంలో కాల్షియానికి రాగి జావ మంచి ఆధారం. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. దానికి పాలు, పెరుగు, గుడ్డు, ఆకుకూర తోడైతే బాగు. విటమిన్ డి సంగతి వేరు. అభ్యర్థులు ఎండ రాకముందే పరుగు ముగించి, పగలంతా రీడింగ్ హాల్లో కూర్చుంటారు. చర్మంలో ఈ విటమిన్ ఎక్కువగా తయారయ్యేది మధ్యాహ్నానికి అటూ ఇటూ కాసే ఎండలోనే. ఆ వేళ కొద్దిసేపు చేతులకూ కాళ్ళకూ ఎండ తగలనివ్వాలి.

బరువు తగ్గితే వేగం పెరుగుతుందని భోజనం మానేయడం ఎముకకు గొడ్డలిపెట్టు. ముఖ్యంగా అమ్మాయిలు ఈ సంగతి గమనించాలి. సాధన పెరిగాక నెలసరి తప్పితే అది శ్రమకు తగిన తిండి అందడం లేదనడానికి గుర్తు. ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక పలచబడుతుంది. సిగ్గుపడి దాచకుండా ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో, డాక్టరుకో చెప్పాలి. నిద్ర కూడా వైద్యమే. ఇజ్రాయెల్ సైన్యంలో కనీసం ఆరు గంటల నిద్రను కచ్చితం చేసి, మొత్తం నడక దూరాన్ని తగ్గించినప్పుడు పగుళ్ళు 60 శాతానికి పైగా తగ్గాయని ఫైన్‌స్టోన్, మిల్‌గ్రామ్‌లు 2008లో రాశారు. అర్ధరాత్రి దాకా చదివి నాలుగింటికే గ్రౌండుకు పోయే దినచర్యలో నొప్పి మొదలైతే, ముందుగా సరిచేయవలసింది ఆ నిద్రనే.

నొప్పి తెలియని పాదాలు

ఈ విచారణంతా నొప్పి తెలిసే పాదాలకు సంబంధించింది. శ్రీరామనవమికి భద్రాచలం కాలినడకన వచ్చే భక్తుల్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్ళూ ఉంటారు. ఏళ్ళ తరబడి చక్కెర అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. కుష్ఠు వల్ల స్పర్శ కోల్పోయిన పాదాలదీ ఇదే స్థితి. ఇలాంటివారికి నొప్పి లేకపోవడం క్షేమానికి గుర్తు కాదు. పొక్కు లేచినా, ముల్లు దిగినా, ఎముక విరిగినా తెలియకుండానే నడుస్తారు. వారు చెప్పులు లేకుండా నడవకూడదు, మజిలీ మజిలీకీ అరికాళ్ళు చూసుకోవాలి, పాదం ఎర్రబడి వేడిగా వాస్తే నడక అక్కడే ఆపాలి.

ముందుగా మొదలుపెట్టడమే మందు

ఎముక కోలుకునే కాలాన్ని ఏ మాత్రా, ఏ పట్టుదలా కుదించలేదు. మనం మార్చగలిగింది సాధన మొదలుపెట్టే రోజును. రాతపరీక్ష ఫలితాల కోసం ఎదురుచూడకుండా, దరఖాస్తు నింపిన వారంలోనే రోజు విడిచి రోజు పావుగంట నడక-పరుగు మొదలుపెడితే, ఈవెంట్స్ నాటికి పాదంలో తొలిచే దశ ముగిసి కట్టే దశ పూర్తవుతుంది. చదువుకు పోయే సమయం వారానికి ఒక గంట మాత్రమే. ఉచిత శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థలు, కోచింగ్ సెంటర్లు తమ టైంటేబుల్‌లో మొదటి రోజు నుంచే ఈ గంటను చేర్చాలి. పోలీసు నియామక మండలి దేహదారుఢ్య పరీక్షల తేదీలను కనీసం నాలుగు నెలల ముందు ప్రకటిస్తే వేలాది పాదాలకు మేలు జరుగుతుంది. నొప్పి చెప్పుకున్న అభ్యర్థిని కోచ్ పిరికివాడనకుండా, ఎక్కడో వేలు పెట్టి చూపమని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో ఎవరు పరుగు సాగించవచ్చో, ఎవరు ఆగాలో చాలావరకు తేలిపోతుంది. ఆగవలసినవారిని సకాలంలో ఆపడం వారి ఉద్యోగాన్ని కాపాడటమే.